టెంకాయ చిప్ప లెక్క

ఫోనులో ఒక పేరు తీసి పెట్టుకుని, దాని మీద వేలు పెట్టకుండా నలభై నిమిషాలు కూర్చున్నాను. అవతల ఉండేది బెంగళూరులో నాతో పాటు ఆరేళ్ళు ఒకే టీమ్‌లో పనిచేసిన స్నేహితుడు. అడగాల్సింది ఒకటే మాట. "ఇంట్లో పొడులు చేసి అమ్ముతున్నాం, ఒక అరకిలో తీసుకుంటావా?" సర్వర్ పడిపోయిన అర్ధరాత్రి, యాభై మంది ఉన్న కాల్‌లో తడబడకుండా మాట్లాడినవాణ్ణి నేను. అరకిలో చెనక్కాయల పొడి అమ్మడానికి నోరు రాలేదు.

మాది ఒంటిమిట్ట. కడప నుంచి రాజంపేట, తిరుపతి పోయే దారిలో, కోదండరాముడి గుడి ఉన్న ఊరు. రెండేళ్ళ కిందట ఉద్యోగం వదిలి అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఎందుకు వదిలానన్నది ఇక్కడ అనవసరం. కొంత వాళ్ళు పొమ్మన్నారు, కొంత నేనే వచ్చేశాను. అమ్మ చేతి చెనక్కాయల పొడి, కందిపొడి, నల్లకారం హాస్టల్ రోజుల నుంచీ నా స్నేహితులందరికీ తెలుసు. వాటినే ప్యాకెట్లు కట్టి అమ్ముదామనుకున్నాం. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ అయింది. సీలింగ్ మిషన్, తూకం, లేబుళ్ళు వచ్చాయి. వెబ్‌సైటు నేనే రాసుకున్నాను, అది రెండు రోజుల పని. మిగిలింది జనానికి చెప్పడం. అక్కడే ఆగిపోయాను.

మా పెదనాన్న ముందే అన్నాడు. "లచ్చనంగా ఉన్న ఉజ్జోగం ఇడిసిపెట్టి యాపారమా? చేతికి చిప్పొస్తాది సూడు." ఆయన మాట నన్ను అంతగా బాధపెట్టలేదు. ఫోను పట్టుకుని కూర్చున్న నన్ను చూసి అమ్మ అన్న మాటే పట్టుకుంది. "అడుక్కుంటే సిగ్గుగానీ, అమ్ముకుంటే సిగ్గేందిరా?"

అమ్మ మాటకు ఆ రోజు జవాబు దొరకలేదు. కానీ మా ఊళ్ళో అడుక్కున్న ఒక పెద్దమనిషి కథ ఉంది. చిన్నప్పటి నుంచీ వింటున్నదే అయినా, ఈ కంటితో ఎప్పుడూ చూడలేదు.

*

నిజానికి ఒంటిమిట్టలో పుట్టినవాళ్ళం రెండు కథలు వింటూ పెరుగుతాం. మొదటిది పోతనది. బమ్మెరవాళ్ళు ఒప్పుకోరని తెలుసు. పోతన ఓరుగల్లు దగ్గరి బమ్మెరవాడా, ఏకశిలానగరమనే ఒంటిమిట్టవాడా అన్న తగాదా నూరేళ్ళకు పైగా నడుస్తూనే ఉంది, దాన్ని నేను తెంచలేను. మాకు చెప్పిన కథ మాత్రం అందరూ చెప్పుకునేదే. రాజు అడిగినా పోతన భాగవతాన్ని అంకితం ఇవ్వలేదు. శ్రీనాథుడు వచ్చి చెప్పినా వినలేదు. పొలం దున్నుకుని బతికాడు, పుస్తకం రాముడికిచ్చాడు. ఇందులో చరిత్ర ఎంత, కట్టుకథ ఎంత అన్నది పండితులు తేల్చాల్సిన విషయం. మాకు అందిన నీతి మాత్రం స్పష్టం. గొప్పవాడు ఎవరినీ ఏమీ అడగడు.

రెండోది వావిలికొలను సుబ్బారావు కథ. ఈయన అందరినీ అడిగాడు.

సుబ్బారావు 1863లో మా జిల్లాలోనే పుట్టాడు. మొదట రెవెన్యూ శాఖలో పనిచేశాడు. ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడయ్యాడు, 1904 నుంచి 1920 దాకా అక్కడే ఉన్నాడు. ఆ రోజుల్లో తెలుగు చదువుకున్నవాడికి అంతకంటే పెద్ద కుర్చీలు తక్కువ. వాల్మీకి రామాయణాన్ని మొత్తంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నాడు. దాని మీద 'మందరం' పేరుతో పెద్ద వ్యాఖ్యానం రాశాడు. వ్యావహారిక భాష గొడవలో గ్రాంథికం పక్షాన నిలబడి 'ఆధునిక వచనరచనా విమర్శనము' అనే పుస్తకం వేశాడు. సగం పుస్తకాల భాషా, సగం మా ఇంటి భాషా కలిపి రాస్తున్న ఈ వ్యాసం చూస్తే ఆయన నన్ను క్షమించేవాడు కాదు.

ఇంకో సంగతి. పోతన మా ఊరివాడేనని వాదిస్తూ 'పోతన నికేతన చర్చ' రాసింది కూడా ఈయనే. ఎవరినీ అడగని కవి కోసం ఇంత వాదించిన మనిషి, ఉద్యోగం వదిలి ఒంటిమిట్ట చేరాక, టెంకాయ చిప్ప చేతపట్టుకుని ఊరూరా తిరిగాడు. పాడుపడిపోయిన కోదండరామాలయాన్ని బాగుచెయ్యడానికి, మళ్ళీ నిత్యపూజలు జరిపించడానికి డబ్బు అడుగుతూ తిరిగాడు.

ఆ గుడి ఒకప్పుడు ఎంతటిదో చెప్పాలంటే తావెర్నియే పేరు చెబుతారు. 1652లో గండికోటకు వెళ్ళి మీర్ జుమ్లాను కలిసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆయన. ఇటువైపు వచ్చి మా గుడి గోపురాన్ని మెచ్చుకున్నాడని ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటారు. ముప్పైరెండు స్తంభాల రంగమంటపం, ఒకే శిలలో చెక్కిన సీతారామలక్ష్మణులు, గర్భగుడిలో హనుమంతుడు లేకపోవడం, రాత్రి పూట వెన్నెల్లో జరిగే కల్యాణం, ఇవన్నీ ఇప్పుడు టీవీలో చూస్తున్నారు. రాష్ట్రం విడిపోయాక, 2015 నుంచి ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి ఇక్కడే జరుగుతోంది. గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి పోయింది. ఇప్పుడు కల్యాణం చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇది ఒక చిప్పతో మళ్ళీ నిలబడిన గుడి అంటే నమ్మకం కలగదు.

*

ఉద్యోగం వదిలేనాటికి సుబ్బారావుకు యాభైయేడేళ్ళు. ఈ అంకె దగ్గర చాలాసేపు ఆగాను.

నెలజీతం మీద బతికినవాడికి అడగడం అలవాటు తప్పిపోతుంది. జీతంలో కూడా అడగడం ఉంది, కాకపోతే అది ఒక్కసారే జరుగుతుంది, ఇంటర్వ్యూ రోజున. ఆ తర్వాత ప్రతి నెలా మనం అడక్కుండానే డబ్బు వచ్చి ఖాతాలో పడుతుంది. ఎవరి మొహం చూడనక్కర్లేదు. నా మటుకు నేను పదేళ్ళు ఆ సుఖంలో ఉన్నాను, అది సుఖమని కూడా తెలీదు. రెవెన్యూ శాఖలో, ఆ పైన పదహారేళ్ళు ప్రభుత్వ కాలేజీలో ఉన్న మనిషికి అది ఇంకెంత అలవాటై ఉండాలి. పైగా రెవెన్యూవాళ్ళు జనం దగ్గరికి వసూలుకు పోతారు. అది కూడా డబ్బు తీసుకోవడమే, కానీ అక్కడ తలవంచాల్సింది ఇచ్చేవాడు. చిప్ప పట్టుకున్నాక తలవంపు ఇటు మారుతుంది. ఒకప్పుడు వసూలు చేసిన జిల్లాలోనే, ఒకప్పుడు పాఠాలు చెప్పిన మనుషుల ముందే, చెయ్యి చాచి నిలబడాలి.

'చేతికి చిప్పొచ్చింది' అంటే తెలుగులో సర్వనాశనమని అర్థం. మా పెదనాన్న నన్ను బెదిరించింది ఆ మాటతోనే. భిక్షకు ఒక సంచి పట్టుకోవచ్చు, రశీదు పుస్తకం పట్టుకోవచ్చు, హుండీ పెట్టి ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన మనం ఎవర్నైనా శపించడానికి వాడే వస్తువునే చేతపట్టాడు. అంతటితో ఆగకుండా దాని మీద శతకం రాశాడు. పేరు 'టెంకాయచిప్ప శతకము'. తెలుగులో శతకం అంటే దేవుడికో, దేవుడంతటివాడికో చెప్పుకునేది. రామాయణం మొత్తం తెలుగు చేసిన చేత్తో ఒక ఎండిన చిప్పకు శతకం చెప్పడాన్ని చిన్నప్పుడు భక్తుడి చాదస్తమనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ పనిలో ఒక కిటుకు కనిపిస్తోంది.

ఇది నా ఊహ, ఆయన చెప్పిన మాట కాదు. సిగ్గు మనిషి లోపల ఉన్నంతసేపు దానికి పేరుండదు, అంతూ ఉండదు. ఫోను పట్టుకుని కూర్చున్నప్పుడు నన్ను ఆపింది ఏంటో నాకే తెలీదు. వాడు కాదంటాడనా? వాడికి నా మీద జాలి కలుగుతుందనా? ఉద్యోగం పోయిందని అందరికీ తెలిసిపోతుందనా? సుబ్బారావు ఆ సిగ్గునంతా తీసి ఒక వస్తువులో పెట్టినట్టున్నాడు. అడుగుతున్నది చిప్ప. కాదనిపించుకునేది చిప్ప. దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, దాని గొప్పతనం ఆయన పద్యాల్లో చెప్పేశాడు. ఇంకొకరు వెక్కిరించడానికి మిగిలిందేమీ లేదు. ఎన్ని గడపల దగ్గర అది ఖాళీగా తిరిగొచ్చి ఉంటుందో ఎవరు లెక్కపెట్టారు? మనకు కనిపించేది గుడి ఒక్కటే.

తెలుగువాళ్ళలో అడగడానికి ఇంకో దారి పట్టినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు. కృష్ణా జిల్లా నుంచి బొంబాయి చేరి 1893లో అమృతాంజనం మొదలుపెట్టాడు. దాన్ని సంగీత కచేరీల్లో జనానికి ఊరికే పంచిపెట్టాడన్నది చాలామందికి తెలిసిన కథ. కొనండి అని అడిగే ముందు ఇచ్చాడు. ఆ డబ్బాల లాభమే తర్వాత 1908లో ఆంధ్రపత్రికకు ఆధారమైంది. ఈ పద్ధతి నాలాంటివాడికి తేలిక. ఊరికే ఇచ్చేటప్పుడు మనం అడుగుతున్నట్టు అనిపించదు కదా. అందుకే నేను ముందు దీన్నే పట్టుకున్నాను. బంధువులందరికీ ప్యాకెట్లు పంచాను. అందరూ బాగుందన్నారు. ఇద్దరు మళ్ళీ ఎప్పుడిస్తావని అడిగారు. డబ్బు సంగతి వాళ్ళూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాగేశ్వరరావు పంచడంతో పాటు అమ్మాడు కూడా అన్న సంగతి నేను సౌకర్యంగా మరిచిపోయాను.

శతకం సంగతి తలకెక్కిన రోజు సాయంత్రం స్నేహితుడికి ఫోను చేశాను. "ఇప్పుడొద్దు మామా, మా ఇంట్లో చెనక్కాయలు పడవు, తర్వాత చూద్దాం" అన్నాడు. ఇంకో ఐదు నిమిషాలు క్రికెట్ గురించి మాట్లాడి పెట్టేశాడు. అంతే. ఆకాశమేం ఊడిపడలేదు.

*

ఇక్కడితో ఆపేస్తే ఇది సిగ్గు విడిచి అడగండి అనే వ్యాసం అయిపోయేది. కానీ అమ్మ మాట ఇంకా మిగిలే ఉంది. అడుక్కోవడం వేరు, అమ్ముకోవడం వేరు అంది ఆమె. సుబ్బారావు అడిగింది తన కోసం కాదు, రాముడి కోసం. ఆయన వెనక దేవుడున్నాడు, పాండిత్యం ఉంది. కులం కూడా ఉంది. బ్రాహ్మణుడు చేతిలో పాత్రతో వస్తే దానికి భిక్ష, మధుకరం, యాయవారం అని ఎన్ని పరువైన పేర్లున్నాయో చూడండి. అదే ఒక నేతగాడు నా చీరకు ఇంత ధర కావాలని గట్టిగా అడిగితే మనం దాన్ని బేరం అంటాం, ఇంకాస్త పోతే గీచి గీచి అడుగుతాడంటాం. కష్టపడి చేసిన దానికి వెల అడగడానికి మన భాషలో మర్యాదైన మాట ఇంకా పుట్టలేదనిపిస్తుంది.

ఇంట్లో కూర్చుని పని చేసి దాన్ని అమ్ముకున్నవాళ్ళ చరిత్ర మా ఊరి చుట్టే ఉంది. ఒకటి కడపలో, ఒకటి మాధవరంలో.

కడపలోది సి.పి. బ్రౌన్ ఇల్లు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడప వచ్చాడు బ్రౌన్, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళవాడు. తర్వాత అక్కడ ఒక బంగళా కొని, పండితుల్ని, రాయసగాళ్ళను పెట్టుకుని, తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనులు చూసుకునేవాడు. ఖర్చు బ్రౌన్ సొంత జీతం నుంచి, అది చాలకపోతే అప్పుల నుంచి. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి, నిఘంటువులు 1850ల్లో వచ్చాయి. ఉద్యోగం ఒకవైపు, ఇంట్లో ఈ కార్ఖానా ఒకవైపు. రాబడి లేని పనిని ఇంట్లో పెట్టుకున్నవాడి రాత్రులు ఎట్లా ఉంటాయో నాకు కొంచెం అర్థమవుతుంది. ఆ బంగళా శిథిలమైన చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. దానికోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి విరాళాలు అడుగుతూ తిరిగాడు. మా జిల్లాలో ఏది నిలబడ్డా దాని వెనక అడుగుతూ తిరిగిన మనిషి ఒకడు ఉంటాడేమో.

బ్రౌన్ ఇంట్లో ఒక సంగతి గమనించాలి. ఆ ఇంట్లో పనిచేసినవాళ్ళకు జీతాలున్నాయి. పండితుడికి ఇంత, రాయసగాడికి ఇంత. అప్పు చేసైనా సరే ఇచ్చాడు. ఇంట్లో పనిచేసినా వాళ్ళు 'ఇంట్లోవాళ్ళు' కారు కాబట్టి ఇచ్చాడు.

మాధవరం కథ దీనికి తిరగబడ్డది. మా ఊరి పక్కనే ఉన్న చేనేత ఊరు అది. బంధువుల పెళ్ళికి చీరలు తేవాల్సి వచ్చి వెళ్ళాను. ముందు గదిలోనే గుంత మగ్గం. గుంతలో కాళ్ళు దించుకుని ఒకాయన నేస్తున్నాడు, వెనక గదిలో వంట. ఇంటికీ పనిచేసే చోటుకూ మధ్య గడప కూడా లేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అనే మాట 2020లో విని మనం ఆశ్చర్యపోయాంగానీ, ఇక్కడ తరాలుగా ఉన్నది అదే. పసిబిడ్డ ఏడుపు, మగ్గం చప్పుడు, సావుకారు ఫోను, అన్నీ ఒకే గదిలో. పని నుంచి ఇంటికి రావడం అనేది వాళ్ళకు లేదు.

చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి పద్ధెనిమిదో శతాబ్దపు దక్షిణాది నేతగాళ్ళ గురించి రాసిన పుస్తకంలో ఒక విషయం నాకు బాగా గుర్తుండిపోయింది. అప్పట్లో వర్తకుడు నేతగాడికి బయానా ఇచ్చి పని చెప్పేవాడు. నేతగాడికి ఇష్టం లేకపోతే ఆ బయానా తిరిగిచ్చేసి బేరం రద్దు చేసుకోవచ్చు. ఇంకొకరు ఎక్కువిస్తే వాళ్ళకు నెయ్యొచ్చు. ఆ హక్కును ఆయుధంగా వాడుకున్నారు కూడా. ఈస్టిండియా కంపెనీ రాజ్యం బలపడ్డాక పోయింది ఆ హక్కే. అడ్వాన్సు తీసుకున్నవాడు నేసి తీరాలి, వేరేవాళ్ళకు అమ్మకూడదు. అంటే ఇంట్లో కూర్చుని పనిచేసినవాడి ధైర్యం ఇంట్లో కూర్చోవడం వల్ల రాలేదు. 'వద్దులే, నీ డబ్బు నువ్వు తీసుకుపో' అనగలగడం వల్ల వచ్చింది. ఆ మాట పోయాక ఇల్లు ఇల్లుగానే ఉంది, మగ్గం మగ్గంగానే ఉంది, మనిషి మాత్రం కూలివాడయ్యాడు.

"చీరకు ఎన్ని రోజులు పడుతుందన్నా?" అని అడిగాను.

"మూడు దినాలు, ఒగోసారి నాలుగు."

"మరి కండెలు చుట్టేదెవరు?"

"ఇంట్లోవాళ్ళే."

"వాళ్ళ కూలి?"

ఆయన పేకనాడె ఆపి నవ్వాడు. "ఇంట్లోవాళ్ళకు కూలేంది సార్!"

ఆయన భార్య కూడా నవ్వింది. నేనూ నవ్వాను. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ కార్మికులున్నారు, వాళ్ళలో 70 శాతానికి పైగా ఆడవాళ్ళు. మనం చేనేత అనగానే గుంతలో కూర్చున్న మగమనిషి ఫోటో వేస్తాం. కండె చుట్టకపోతే, అచ్చు అతకకపోతే ఆ గుంతలో మనిషికి పని లేదు.

*

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. మా పొడుల లెక్క ఒక ఎక్సెల్ షీటులో ఉంది. ఇంజనీరును కాబట్టి దాన్ని చాలా శుభ్రంగా పెట్టుకున్నాను. చెనగ్గింజలు ఇంత, ఎండుమిరపకాయలు ఇంత, తెల్లగడ్డలు ఇంత, గ్యాస్, కరెంటు, కవరు, లేబులు, కొరియరు. చివర లాభం వరుస, ఆకుపచ్చ రంగులో. వెబ్‌సైటు తయారీకి నా గంటలు లెక్కగట్టి ఒక వరుస వేసుకున్నాను, పెట్టుబడి కింద. అమ్మ పేరు ఎక్కడా లేదు.

పొద్దున్నే నాలుగున్నరకు లేచి బాండ్లి పెట్టేది ఆమె. గింజలు మాడకుండా సన్నసెగన వేయించేది ఆమె. పొగకు కళ్ళు మండినా మిరపకాయలు వేయించేది ఆమె. తెల్లగడ్డలు వలిచి గోళ్ళు మంటలెక్కేది ఆమెకు. 'అమ్మ చేతి రుచి' అని లేబులు మీద పెద్ద అక్షరాల్లో రాయించింది నేను. అమ్మ చెయ్యి లేబులు మీద ఉంది, లెక్కలో లేదు.

స్నేహితుణ్ణి అరకిలో కొనమని అడగడానికి నలభై నిమిషాలు సిగ్గుపడినవాణ్ణి, అమ్మను రోజుకు ఆరు గంటలు పని చెయ్యమని అడగడానికి ఒక్క క్షణం కూడా సిగ్గుపడలేదు. ఎందుకంటే అసలు అడగలేదు. తీసుకున్నాను. ఇల్లు కదా, ఇంట్లో అడిగేదేముంది అనుకున్నాను. బయటివాళ్ళ దగ్గర సిగ్గుపడ్డది నా పరువు గురించి. ఆ సిగ్గునే ఇన్నాళ్ళూ నా మంచితనం అనుకుంటూ వచ్చాను.

సుబ్బారావు చిప్ప మళ్ళీ గుర్తొచ్చింది. చిప్పలో ఏది పడ్డా అందరికీ కనిపిస్తుంది. ఎవరు వేశారో, ఎవరు వెయ్యలేదో, ఎవరు అడిగారో, అంతా వీధిలో జరుగుతుంది. అడుక్కోవడంలో ఉన్న అవమానం అదే, దానిలో ఉన్న నిజాయితీ కూడా అదే. ఇంటి వ్యాపారంలో చిప్ప కనపడదు. ఇంటిల్లిపాదీ అందులో వేస్తూనే ఉంటారు. నిద్ర వేస్తారు, నడుము వేస్తారు, పండగలు వేస్తారు. పట్టుకున్నవాడికి తాను పట్టుకున్నానని కూడా తెలీదు. పోతన కథ విని ఎవరినీ అడగనివాడే గొప్ప అనుకున్నాను కదా. పొలం దున్నుకుంటూ భాగవతం రాసిన ఆ ఇంట్లో కలుపు తీసిందెవరో, అన్నం వండిందెవరో కథలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇంట్లోంచి వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళకు ఎదురయ్యే కష్టాల గురించి చాలామంది చెబుతారు. ఒంటరితనం, నెలకు ఇంతని చెప్పలేకపోవడం, చుట్టాల ఎత్తిపొడుపులు, రాత్రి నిద్ర పట్టకపోవడం. అవన్నీ నిజమే, నాకూ అన్నీ ఉన్నాయి. అయితే ఆ కష్టాల జాబితా ఎప్పుడూ ఒక్క మనిషిది, మొదలుపెట్టినవాడిది. వాడి పక్కన ఇంకో మనిషి పొగలో నిలబడి ఉంటుంది. ఆమె భయాలేంటో ఎవరూ రాయరు. అమ్మను ఆ రాత్రి మొదటిసారి అడిగాను, ఇదంతా నీకిష్టమేనా అని.

"నువ్వు ఇంట్లో మొగం ఏలాడేసుకోని కూచ్చుంటే సూళ్ళేక చేస్తాండా," అంది. ఆగి, "మోకాళ్ళు నొస్తాండాయి. ఆదివారం పూట ఒద్దు" అంది.

ఏడు నెలల్లో ఆదివారం అని ఒకటుందని నాకు తట్టలేదు.

మర్నాడు షీటులో ఒక వరుస కలిపాను. 'అమ్మ కూలి, రోజుకు 250, ఆదివారం సెలవు.' చూపిస్తే ముందు నవ్వింది. తర్వాత కోపమొచ్చింది. "కన్నతల్లికి కూలిస్తావంట్రా, ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?" రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇది కూడా నా సిగ్గు కడుక్కోవడానికి చేసిన పనేనా అని నాకు అనుమానం వచ్చింది. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు.

వారం తర్వాత, తెల్లగడ్డలు వలుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఉపాధి పనికి పోయినా మూడొందలిస్తాండారు గదరా. పొగలో నిలబడేదానికి రెండున్నర నూరేనా?"

"ఎంత కావాలమ్మా?"

"మున్నూటయాభై."

ఒప్పుకున్నాను. రోజుకు ఎనిమిది కిలోలు, అంటే ముప్పైరెండు పావుకిలో ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్ మీద పదకొండు రూపాయలు పెరిగింది. వెబ్‌సైటులో ధర మార్చి, చెనక్కాయలు పడవన్న స్నేహితుడికే మళ్ళీ ఫోను చేశాను.

"కందిపొడి కూడా ఉంది. ధర కొంచెం పెంచాం."

"ఎందుకు?"

"చేసేవాళ్ళు అడిగారు," అన్నాను.